చాపిన చెయ్యి

ఓడిపోవడంలో వింతేమీ లేదు, ఆడేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోతారు. ఫస్టు బోర్డమ్మ ఓడిపోయే పద్ధతి మాత్రం ఎవరికీ అంతుపట్టేది కాదు. మామూలు మనిషి ఆట చెడిపోతే ఓడతాడు. ఈవిడ ఆట చెడితే గెలిచేది. మంత్రి పోయి, రాజు నడిరోడ్డు మీద దిక్కులు చూస్తున్న ఆటని కూడా ఏదో సందులోంచి లాక్కొచ్చి ఒడ్డున పడేసేది. అదే ఆట చేతికి చిక్కి, ఇక బడిపిల్లలు కూడా ముగించగలిగే చోటికి వచ్చిందంటే అంతే సంగతులు. టైము అయిపోయి ఓడిపోయేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుండేది ఆవిడ వ్యవహారం.

ఇదంతా ఫోన్లో ఆడే మూడు నిమిషాల చదరంగం సంగతి. ఆట మొత్తానికి ఒక్కొక్కరికి మూడే నిమిషాలు. ఎవరి టైము ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు, బోర్డు మీద వాళ్ళ బలగం కొండంత ఉన్నా సరే. నింపాదిగా గంటల తరబడి ఆడే ఆటలో ఈవిడని ఓడించడం ఆ చుట్టుపక్కల ఎవరివల్లా అయ్యేది కాదు. ఫోన్లోకి వచ్చేసరికి ముక్కూమొహం తెలియనివాళ్ళు, తమ ఫోటో బదులు పిల్లి బొమ్మ పెట్టుకున్నవాళ్ళు కూడా ఓడించి పోతున్నారు. పిల్లి బొమ్మ చేతిలో ఓడిపోయిన రోజు ఆవిడకి అన్నం సహించలేదు.

వాళ్ళ చదరంగం క్లబ్బు లాండ్రీ షాపు మీద మేడగది. కింద రోజంతా ఇస్త్రీ ఆవిరి కొట్టడంతో పైన నేల ఎప్పుడూ వెచ్చగా ఉండేది. గదిలో ఆరు బల్లలు, వాటిలో కిటికీ పక్కనున్నది ఒకటో నంబరు. వేరే క్లబ్బుతో పోటీ జరిగినప్పుడు అందరికన్నా గట్టి ఆటగాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. పదిహేనేళ్ళుగా ఆ కుర్చీ ఈవిడదే. అందుకే క్లబ్బులో ఎవరూ పేరు పెట్టి పిలవరు, ఫస్టు బోర్డమ్మ అనే అంటారు.

ఆ కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం, దాచుకోవడమెందుకు. ఇంట్లో మంచం సగం మొగుడిది, బీరువా సగం అత్తగారిది. ఆసుపత్రి ల్యాబులో ఆవిడ కూర్చుని రక్తం చుక్కలు చదివే మైక్రోస్కోపు కూడా సాయంత్రం షిఫ్టు వచ్చేసరికి ఇంకొకళ్ళదైపోతుంది. ఎవరితోనూ పంచుకోకుండా ఇది నాది అనుకున్నది ఈ లోకంలో ఆవిడకి ఆ ఒక్క కుర్చీయే.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. హాళ్ళు దొరకడం లేదనీ, జనానికి తీరిక లేదనీ ఈ ఏడాది క్లబ్బుల పోటీలన్నీ ఫోన్లో పెట్టేశారు, అవీ మూడు నిమిషాల ఆటలు. ఆ కబురు అందిన వారంలోనే కళ్ళజోళ్ళాయన నోరు విప్పాడు. ఆయనకి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది, క్లబ్బులో రెండో బల్ల. నోట్లో నాలుక లేని మనిషి. వస్తాడు, తల వంచి ఆడతాడు, ఓడిపోతున్నానని తెలియగానే అందరికన్నా ముందు రాజుని పడుకోబెట్టి చెయ్యి అందిస్తాడు. అలాంటి మనిషి లేచి నిలబడి, "ఫస్టు బోర్డు ఎవరిదో ఫోన్లోనే తేల్చుకుంటే బాగుంటుందండీ. పది ఆటలు" అన్నాడు.

గదంతా ముక్కున వేలేసుకుంది. క్లబ్బు కెప్టెన్ పళ్ళ డాక్టరు. ఆయన గొంతు సవరించుకుని, రెండో బల్లవాళ్ళు మొదటి బల్లవాళ్ళని పోటీకి పిలవచ్చన్న రూలు ఉన్నమాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఓడితే ఫస్టు బోర్డమ్మ ఆ కుర్చీ ఖాళీ చెయ్యాలి. సిద్ధం కావడానికి రెండు వారాలు గడువిచ్చారు.

ఇంటికొచ్చి ఆవిడ వంటింటి బల్ల మీద ఫోను నిలబెట్టుకుని సాధన మొదలుపెట్టింది. ఆడినకొద్దీ ఓటములు పెరిగాయి గానీ తగ్గలేదు. గెలుపు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఇంతలో ఏమవుతుందో ఏమో, తెర మీద ఎర్రగా 'మీ సమయం అయిపోయింది' అని పడుతుంది. ఎలా అయిపోయింది? ఎవరు తిన్నారు? ఆవిడకి తెలిసేది కాదు. మైక్రోస్కోపు కింద గోరంత తేడా కూడా పట్టుకునే మనిషి, తన కళ్ళెదుట కరిగిపోయిన టైము ఎటు పోయిందో చెప్పలేకపోయేది.

ముందు నెట్‌వర్కుని అనుమానించింది. ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్కు. చెడిపోయినదేదైనా బాగుచేసేదాకా నిద్రపట్టని మనిషి. వైఫై డబ్బాని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మళ్ళీ హాల్లోకి తిప్పాడు. కుర్చీ కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేశాడు. ఫోనుకి ఇనుప స్టాండు చేసి తెచ్చాడు, అది లిఫ్టునే మోయగలిగేంత గట్టిగా ఉంది.

"ఇదిగో, నా మాట విను. ఏ లిఫ్టు ఆగిపోయినా మెషినే పోయిందంటారు జనం. తీరా చూస్తే తప్పు తలుపుది. మూసుకోవాల్సిన చోట సరిగ్గా మూసుకోదు" అన్నాడు.

"నా ఆటకి తలుపెక్కడుందండీ?"

"అది నాకేం తెలుసు? నేను లిఫ్టుల సంగతి చెబుతున్నా."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు స్టాండుని, కుర్చీని, వెలుతురుని తిట్టుకోవడం అయ్యాక ఆవిడ చూపు టీ మీద పడింది. ఆవిడ ఆడుతున్నంతసేపూ అత్తగారు బల్లకి అవతలివైపు కూర్చుని బఠానీలు ఒలుస్తూ ఉండేవారు. అత్తగారికి చదరంగం అంటే గుర్రాలూ ఏనుగులూ ఉన్న ఏదో తగాదా అని మాత్రం తెలుసు. మధ్యమధ్యలో కోడలి చేతిలో టీ గ్లాసు పెట్టేవారు. గమనించి చూస్తే ఆ టీ ఎప్పుడు పడితే అప్పుడు రాదు. ఆట గెలుపులోకి వచ్చినప్పుడే వస్తుంది. వచ్చిందా, ఓటమే.

ఇదేం విడ్డూరం? చదరంగం తెలియని మనిషికి కోడలు ఎప్పుడు గెలవబోతోందో ఎలా తెలుస్తోంది? తెలిసి మరీ సరిగ్గా అప్పుడే టీ ఎందుకిస్తోంది? ల్యాబులో చదువుకున్న మనిషే గానీ, ఆ కొద్ది రోజుల్లో బుర్ర ఎంత పాడైపోయిందంటే, అత్తగారి టీలో ఏదో ఉందని నమ్మేదాకా వచ్చింది.

"అత్తయ్యా, నేను ఆడేటప్పుడు టీ ఇవ్వకండి. దండం పెడతాను."

అత్తగారి మొహం మాడిపోయింది. "ఇవ్వనులే తల్లీ. నా టీ అంత చేదయిపోయిందేమో" అని బఠానీల గిన్నె లాక్కున్నారు.

టీ ఆగింది, ఓటములు ఆగలేదు. పైగా ఇప్పుడు ఇంట్లో అలక ఒకటి అదనం.

పోటీ ఇంకా నాలుగైదు రోజులుందనగా పళ్ళ డాక్టరు ఆవిడని తన క్లినిక్కుకి రమ్మన్నాడు. ఫోన్లో ఆడిన ప్రతి ఆటా, ఏ ఎత్తుకి ఎంత టైము పట్టిందో సహా అందులోనే ఉండిపోతుంది కదా, అవన్నీ చూశాడట. కూర్చోవడానికి వేరే చోటు లేక ఆవిడని రోగులు పడుకునే కుర్చీలోనే కూర్చోబెట్టాడు. తల మీద పెద్ద దీపం, పక్కన పళ్ళు గీకే సామాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అబద్ధం చెప్పే ధైర్యం ఉండదు.

"మీ ఆరంభాలు బ్రహ్మాండం మేడమ్. కళ్ళు మూసుకుని ఆడేస్తారు. ఇరుకున పడ్డప్పుడైతే నేను మీలా ఆడేవాళ్ళని చూడలేదు. రెండేసి సెకన్లలో ఎత్తు వేస్తున్నారు, అదీ సరైన ఎత్తు. ఇక్కడిదాకా రోగం లేదు" అన్నాడు డాక్టరు, ఫోను తెర ఆవిడ వైపు తిప్పుతూ. "ఇప్పుడిది చూడండి. అవతలివాడికి రాజూ రెండు బంట్లూ తప్ప ఏమీ మిగల్లేదు. మీకు మంత్రి ఉంది, ఏనుగు ఉంది. ఇక్కడ అర నిమిషం ఏం చేశారు?"

ఆవిడ తెర వైపు చూసింది. అది తను ఆడిన ఆటే. "ఏమీ చెయ్యలేదే?"

"అదే నేనూ అంటున్నది. ఏమీ చెయ్యలేదు. ఆలోచించడానికి కూడా ఏమీ లేదక్కడ. పన్ను ఊడొచ్చేసింది, ఇక నోరు కడుక్కోవడమే మిగిలింది, అప్పుడు డాక్టరు స్పృహ తప్పి పడిపోయినట్టుంది. ఇదిగో ఈ ఆటలోనూ అంతే. దీంట్లోనూ."

"నాకేమీ గుర్తులేదు డాక్టరు గారూ."

"బీపీ చూపించుకోండి" అన్నాడాయన, తన చదువు అంతవరకే అన్నట్టు.

బీపీ చూపించుకుంది. బాగానే ఉంది. ఆవిడకి నిజంగా భయం వేసింది. మనిషి తన ఆట తాను ఆడుతూ ఉండగా, తనకి తెలియకుండా అర నిమిషం ఎక్కడికి వెళ్ళిపోతుంది? ఇన్నాళ్ళూ ల్యాబులో కూడా ఇలాగే జరిగిందా? ఎవరి రక్తమైనా చూడకుండానే చూశాననుకుందా? ఆ ఆలోచన వచ్చాక ల్యాబులో ప్రతి స్లైడూ రెండుసార్లు చూడటం మొదలుపెట్టింది. ఒక్క తప్పూ దొరకలేదు. దొరకకపోయేసరికి ఇంకా అయోమయంలో పడింది.

ఒక సాయంత్రం వంటింట్లో మళ్ళీ ఆటకి కూర్చుంది. ఎదురుగా అత్తగారు, అలక తీరలేదు గానీ బఠానీలు ఒలవక తప్పదు కాబట్టి కూర్చున్నారు. ఆట బాగా సాగింది. ఆవిడ ఏనుగు దూసుకుపోయింది, అవతలివాడి మంత్రి చచ్చింది. ఇక గెలుపే.

"ఇదిగో, మళ్ళీ!" అన్నారు అత్తగారు గట్టిగా.

"ఏమిటి మళ్ళీ?"

"చెయ్యి చాపుతావు. టీ ఇస్తే ఇవ్వొద్దంటావు. ఇవ్వకపోతే చెయ్యి చాపుతావు. నీతో ఎలా వేగాలో చెప్పు తల్లీ."

ఫస్టు బోర్డమ్మ తల వంచి చూసుకుంది. ఆవిడ కుడిచెయ్యి ఫోను మీద లేదు. ఫోను దాటి, బఠానీ తొక్కల మీదుగా బల్ల అవతలికి, అరచెయ్యి కొంచెం పైకి తిరిగి, అత్తగారి వైపు చాచి ఉంది. ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టుగా ఉంది. ఆవిడ దాన్ని చాపిన గుర్తే లేదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తెర మీద ఎర్రగా టైము అయిపోయింది. ఆవిడ పట్టించుకోలేదు, ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

క్లబ్బుల్లో ఎవరూ రాజుని పట్టుకునేదాకా ఆడరు. ఓడిపోతున్నానని తెలిసినవాళ్ళు తామే రాజుని పడుకోబెట్టి చెయ్యి అందిస్తారు, అది మర్యాద. ఓడిపోయాక కూడా ఈడ్చడం మొరటుతనం కింద లెక్క. గెలిచినవాళ్ళ పనల్లా ఆ చెయ్యి అందుకోవడమే. పదిహేనేళ్ళుగా ఆవిడ అందుకుంటూ వచ్చింది. ఆట ముగించడం అనే పని ఆవిడ ఎప్పుడు చేసిందో ఆవిడకే గుర్తులేదు. గెలుపు ఖాయమనిపించగానే లోపల ఆట ముగిసిపోతోంది, చెయ్యి దానంతటది ముందుకు వెళ్ళి ఎదుటివాళ్ళ చేతి కోసం కాచుకుని కూర్చుంటోంది. ఫోన్లో ఎదుటివాళ్ళకి చెయ్యి లేదు. మర్యాద అంతకన్నా లేదు. చివరి బంటు చచ్చేదాకా పరిగెత్తిస్తారు. ఈలోగా ఆవిడ టైము కాస్తా అయిపోతుంది.

"తలుపే" అంది పైకి.

"ఏ తలుపు?" అన్నారు అత్తగారు కంగారుగా.

కారణం తెలిసింది కదా, రోగం కుదిరిందనుకున్నారా? కుదరలేదు. చెయ్యి ఆవిడ మాట వినలేదు. చాపకూడదు, చాపకూడదు అనుకుంటూ ఆడితే ఆట చెడేది. మరిచిపోయి ఆడితే చెయ్యి వెళ్ళిపోయేది. ఎడమచేత్తో ఆడి చూసింది, ఏనుగు వెళ్ళాల్సిన చోటికి బంటు వెళ్ళింది. మెకానిక్కు ఏదో స్ప్రింగు బిగిస్తానన్నాడు, దండం పెట్టి వద్దంది. ఆఖరికి అత్తగారి కాళ్ళావేళ్ళా పడింది.

"అత్తయ్యా, ఆదివారం పోటీలో నా ఎదురుగా కూర్చోండి. చెయ్యి వచ్చిందంటే కొట్టండి."

"కొట్టాలా?" అత్తగారి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు ఎన్నేళ్ళ నుంచి దాచుకున్నదో దేవుడికెరుక. "గట్టిగానా, మెల్లగానా?"

"తెలిసేలా కొట్టండి."

ఆదివారం అత్తగారు చెక్కగరిటె పట్టుకుని తలదువ్వుకుని మరీ కూర్చున్నారు. అవతల కళ్ళజోళ్ళాయన తన ఇంట్లో ఎక్కడో కూర్చుని ఉన్నాడు, ఈవిడకి కనపడేది తెర మీద ఆయన పేరు, పక్కన పరిగెత్తే అంకెలు, అంతే.

మొదటి ఆటలోనే ఆశ్చర్యం. ఈయన క్లబ్బులో ఆడే కళ్ళజోళ్ళాయన కాడు. ఏనుగు పోయినా ఆడుతున్నాడు. మంత్రి పోయినా ఆడుతున్నాడు. క్లబ్బులో అయితే ఎప్పుడో రాజుని పడుకోబెట్టి, 'చాలా బాగా ఆడారు మేడమ్' అనేసేవాడు. ఇక్కడ రాజునీ ఒకే ఒక్క బంటునీ వేసుకుని బోర్డంతా తిప్పుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషికి ఇంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని ఆవిడ తెల్లబోయింది. ఆ తెల్లబోవడంలోనే మొదటి ఆట పోయింది. రెండోదీ పోయింది, ఎందుకంటే గరిటె దెబ్బ మణికట్టు ఎముక మీద పడి, ఆ నొప్పికి ఆవిడ ఎక్కడ ఆడుతోందో మరిచిపోయింది.

"అత్తయ్యా!"

"తెలిసేలా కొట్టమన్నావుగా."

ఆ తర్వాత ఇద్దరికీ ఒక లయ కుదిరింది. చెయ్యి కదలగానే గరిటె అంచు తగిలేది, చెయ్యి వెనక్కి వచ్చి పని చూసుకునేది. ఇరుకున పడ్డ ఆటలు ఆవిడ ఎలాగూ లాగేసేది. చేతికొచ్చిన ఆటలు గరిటె ముగించేది. తొమ్మిది ఆటలు అయ్యేసరికి సరిసమానం, ఒక ఆట ఎవరికీ కాకుండా పోయింది. పదో ఆట మీదే కుర్చీ.

పదో ఆటలో ఆవిడ బంటు ఒకటి చివరి గడిదాకా నడిచి మంత్రి అయింది. గెలుపే. చెయ్యి లేచింది. గరిటె కూడా లేచింది. ఆవిడకి గరిటె నీడ కనపడింది, అది పడకముందే చెయ్యి వెనక్కి లాక్కుని మంత్రితో చెక్ ఇచ్చింది, ఏనుగుతో దారి మూసింది, ఇంకో చెక్. రాజుకి అడుగు పెట్టడానికి గడి లేదు. తెర మీద రంగు కాగితాలు రాలాయి. మీరు గెలిచారు.

మెకానిక్కు గంతేశాడు. అత్తగారు గరిటె కింద పెట్టి, "అయిపోయిందా? అయితే ఇప్పుడివ్వచ్చు కదా?" అంటూ టీ కాచడానికి లేచారు. ఫస్టు బోర్డమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. గెలిచింది, కుర్చీ నిలబడింది, సంతోషం కూడా వేసింది, లేదని కాదు. అయినా ఏదో సగంలో ఆగిపోయినట్టుంది. ఎవరూ ఒప్పుకోలేదు కదా. ఓడిపోయానని ఒక మనిషి తన ఎదుట చెప్పకుండా అది గెలుపెలా అవుతుందో ఆవిడకి అర్థం కాలేదు. అప్పుడే ఫోను మోగింది. కళ్ళజోళ్ళాయన మెసేజి: "రేపు సాయంత్రం ఒకసారి క్లబ్బుకి రాగలరా మేడమ్?"

మర్నాడు ల్యాబు నుంచి నేరుగా వెళ్ళింది. మేడగదిలో పోటీలు లేకపోవడంతో బల్లలు గోడవారకి జరిపేసి ఉన్నాయి, కిటికీ దగ్గరున్నది తప్ప. దాని మీద బోర్డు పరిచి ఉంది. అవతలి కుర్చీలో కళ్ళజోళ్ళాయన కూర్చుని అద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆవిడని చూడగానే లేచి నిలబడ్డాడు, చెయ్యి అందించాడు.

"చాలా బాగా ఆడారు మేడమ్. నిన్న ఇవ్వడానికి వీలు కాలేదు."

ఆ చెయ్యి అందుకోగానే ఆవిడ గుండె కుదుటపడింది. హమ్మయ్య, ఇప్పుడు ముగిసింది ఆట అనుకుంది. కూర్చుంది. ఆయన కూర్చోలేదు.

"ఒక్క మాట చెప్పాలని పిలిచానండీ. నేను ఫోన్లో ఎందుకు ఆడదామన్నానో."

"నాకు స్పీడు ఆట రాదని."

"అయ్యో, కాదండీ!" ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "మీ చెయ్యి కనపడకుండా ఒక్కసారి మీతో ఆడి చూడాలనిపించింది."

"నా చెయ్యా?"

"ఆట మధ్యలో మీరు చెయ్యి చాపుతారు కదండీ. మాకందరికీ తెలుసు. అది రాగానే... ఇక మేం ఓడిపోయామనే అనుకుంటాం. మీలాంటివారు చెయ్యి చాపాక ఇంకా ఆడటం బాగుండదు కదా. పడుకోబెట్టేస్తాం."

"ఓడిపోయారు కాబట్టే పడుకోబెట్టారు."

"చాలాసార్లు అంతేనండీ" అన్నాడాయన.

ఆ 'చాలాసార్లు' దగ్గర ఆవిడ ఆగిపోయింది. ఆయన వైపు చూసింది. ఆయన బోర్డు వైపు చూశాడు. అప్పుడు గానీ ఆవిడ బోర్డు మీద పావులు ఏదో ఆట మధ్యలో ఉన్నాయని గమనించలేదు.

"పోయిన వానాకాలం మనం ఆడిన ఆట. మీరు చెయ్యి చాపారు, నేను రాజుని పడుకోబెట్టాను. ఇంటికెళ్ళి అన్నం తింటుంటే తట్టింది. ఈ గుర్రం ఇక్కడికి దూకితే..."

"చెప్పకండి" అంది ఆవిడ. "ఆడండి. మీరు అప్పుడు ఆడాల్సింది ఇప్పుడు ఆడండి."

కుడిచెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని, దాని మీద గట్టిగా కూర్చుంది. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. కళ్ళజోళ్ళాయన అది చూశాడు. కూర్చుని గుర్రాన్ని ఎత్తి పెట్టాడు. చెక్. రాజు తప్పుకోవాలి, తప్పుకుంటే మంత్రి పోతుంది. ఎంత చిన్న ఎత్తు! కళ్ళెదురుగా ఉన్నదే. ఆ వానాకాలం ఇదే కుర్చీలో కూర్చుని ఆవిడ ఇది చూడనే లేదు. చూడకుండా చెయ్యి చాపింది.

మరి మిగతావి? పదిహేనేళ్ళలో ఎంతమంది ఎన్నిసార్లు పడుకోబెట్టారు? వాటిలో నిజంగా గెలిచినవెన్ని, చెయ్యి గెలిచినవెన్ని? ఈ కుర్చీలో ఇన్నాళ్ళూ కూర్చున్నది తనా, తన చెయ్యా? నిన్న అదే చేతిని గరిటెతో కొట్టించి మరీ గెలిచిందే, అది మరి ఎవరి గెలుపు? ఏ ప్రశ్న పట్టుకున్నా రెండో కొస దొరకలేదు.

"మీరు నాకన్నా గట్టివారేనండీ, నిన్న తేలిపోయింది కదా" అన్నాడాయన, ఆవిడ మొహం చూసి భయపడి.

"నిన్నటి సంగతి వేరు. మీరు ఆడండి."

ఆడారు. గడియారం పెట్టుకోలేదు. ఇరుకున పడితే లేచే మనిషి కదా, ఆవిడ ఊరికే వదల్లేదు. రాజుని మూలకి తీసుకెళ్ళి చుట్టూ బంట్లు కట్టింది, ఏనుగుతో అడ్డం తిరిగింది, రెండుసార్లు ఆయనకి చెమటలు పట్టించింది. ఆయన కూడా ఈసారి తల వంచలేదు. కింద లాండ్రీలో ఆవిరి ఆగిపోయి షట్టరు పడిన చప్పుడైంది. నేల మెల్లగా చల్లబడింది. ఆవిడ ప్రతి సందూ వెతికింది, ప్రతి సందులోనూ ఆయన ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఇక ఎటూ లేదు. ఆ ఆట అప్పుడే ఆడి ఉంటే ఆవిడ ఓడిపోయేది.

తొడ కింద నుంచి కుడిచెయ్యి తీసింది. అంతసేపు దాని మీద కూర్చోవడంతో తిమ్మిరెక్కి తనది కానట్టుంది. ఈసారి అది దానంతటది వెళ్ళలేదు. ఆవిడే, తెలిసి, బరువుగా ఎత్తి, బల్ల మీదుగా ఆయన వైపు చాపింది.

కళ్ళజోళ్ళాయన ఆ చెయ్యి చూశాడు. వెంటనే తల వంచి, "చాలా బాగా ఆడారు మేడమ్" అంటూ తన రాజుని పడుకోబెట్టేశాడు.

ఇద్దరూ పడుకున్న రాజుని చూశారు. ఆయన వేళ్ళు ఇంకా దాని తల మీదే ఉన్నాయి. తను చేసిందేమిటో అర్థమయ్యేసరికి ఆయన మొహం కందిపోయింది. ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

తిమ్మిరెక్కిన చేత్తోనే ఆయన రాజుని లేపి గడిలో నిలబెట్టింది.

"ఓడింది నేనండీ" అంది.